గండి కాదు, తూము కావాలి

వేంపల్లె సమీపాన పాపాఘ్ని నది కొండను చీల్చుకొని వచ్చే చోటును మన పూర్వులు గండి అన్నారు. జమ్మలమడుగు చెంత పెన్నానది కొండల నడుమ లోతైన లోయ కోసిన చోట నిలిచిన దుర్గం గండికోట అయింది. ప్రకృతి కొట్టిన గండి చూచేవారికి కన్నులపండువ. చెరువుకట్టకు పడిన గండి మాత్రం ఊరికి ఉపద్రవం. అందుకే కట్ట వేయనేర్చినవాడు తూము పెట్టకుండా విడువడు. పోవలసిన దారిన నీటిని పోనిస్తేనే కట్ట నిలుస్తుంది. దారి మూసివేస్తే నీరు తానే దారి చూచుకొంటుంది.

మన జిల్లాలోని పోరుమామిళ్ళ చెరువు వద్ద క్రీ.శ. 1369 నాటి శాసనం ఒకటి ఉంది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు ఆ చెరువును కట్టించిన సందర్భంలో వేయించిన శాసనమది. మంచి చెరువుకు ఉండవలసిన అంగాలు ఎన్ని, ఉండరాని దోషాలు ఎన్ని అన్న విషయం అందులో వివరంగా ఉంది. ఆ దోషాలలో ఒకటి నన్ను చాలాకాలంగా ఆలోచింపజేస్తున్నది. చెరువు రెండు రాజ్యాల పొలిమేరలో ఉండరాదట! కారణం ఊహించడం కష్టం కాదు. పొలిమేర చెరువును ఇద్దరు రాజులూ వాడుకొంటారు, కట్ట తెగిన నాడు మాత్రం నాది కాదంటే నాది కాదంటారు. నేడు బ్రతుకుతెరువు కొరకు సముద్రం దాటిపోతున్న మన ప్రాంతపు పేదల స్థితి సరిగ్గా ఇదే. వారు రెండు రాజ్యాల పొలిమేరలో నిలిచిన మనుష్యులు.

రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుండి, కడప, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పరిసర గ్రామాల నుండి గల్ఫు దేశాలకు పోవడం నిన్న మొన్నటి సంగతి కాదు. 1970 దశకంలో నూనె ధర పెరిగి ఆ దేశాలలో ధనం పొంగినప్పటి నుండి ఈ ప్రవాహం సాగుతూనే ఉన్నది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షకు పైగా భారతీయులను విమానాలలో తీసుకొని రావలసి వచ్చింది. ప్రాణాలు అరచేత పట్టుకొని వచ్చినవారు కొద్దికాలానికే మళ్ళీ పయనమైనారు. వాన చాలని నేలపై పుట్టినవానికి ప్రయాణం విలాసం కాదు. కాబట్టి పోవడం తప్పా, ఒప్పా అన్న చర్చ ఇక్కడ అప్రస్తుతం. ఏ కాగితంపై పోతున్నారన్నదే నా ప్రశ్న.

మన పల్లెలలో చదువురానివారు సైతం వీసాల పేర్లు వల్లిస్తారు. ఇంటిపనికి పోతే ఖాదిం వీసా, కంపెనీ పనికి పోతే షూన్ వీసా, ఎక్కడైనా పని చేసుకోవచ్చునని చెప్పి అమ్మేది ఆజాద్ వీసా. ఈ మూడవది ఏ దేశపు చట్టంలోనూ లేదు. ఎవరో ఒక కఫీల్ తన పేరున వీసా తీసి ధరకు అమ్ముతాడు. కొన్నవాడు మరొకచోట పని చేస్తూ పట్టుబడిన నాడు, అమ్మినవాడికి అతడెవరో తెలియదు. కఫీల్ అంటే జామీను నిలిచినవాడు అని అర్థం. ఆపదలో పూచీ పడవలసిన మనిషికి పెట్టిన పేరు, పాస్‌పోర్టు లాగుకొని పెట్టెలో దాచే యజమానికి దక్కడం భాషకు జరిగిన అపచారమని కూడా చెప్పవచ్చు.

ఈ మూడింటి కంటె అపాయకరమైనది నాల్గవది. అది సందర్శక వీసా. చుట్టపుచూపుగానో, వింతలు చూడటానికో వచ్చేవారికి ఇచ్చే కాగితమది. ఆ కాగితంపై మన ఆడపడుచులు అంట్లు తోమటానికి పోతున్నారు.

రెండేళ్ళు పైబడిన మాట. మన కళాశాలలో బి.ఏ. చదువుతున్న ఒక విద్యార్థిని తన ఖాలాను వెంటబెట్టుకొని అధ్యాపకుల గదికి వచ్చింది. జమ్మలమడుగు వైపు పల్లె వారిది. భర్త లేడు, ఇద్దరు ఆడపిల్లలు. దుబాయిలో ఇంటిపనికి వీసా వచ్చిందనీ, కాగితం ఒకసారి చూడమనీ కోరారు. నేను అందుకొనేలోపలే ఆమె తన వేలు ఒక పదం మీద ఉంచి, అక్షరం అక్షరం కూడబలుక్కొని, "సి... యా... హియ్యా" అని చదివింది. ఆమెకు ఇంగ్లీషు రాదు, తెలుగు అంతంతమాత్రం. కాని చిన్ననాడు మదరసాలో ఖురాన్ పఠనం నేర్చినందువల్ల అరబ్బీ అక్షరాలు తెలుసు. అర్థం మాత్రం తెలియదు. "ఆపా, ఇది మన ఉర్దూలోని సయాహత్ మాటే. దేశాలు తిరిగి చూడటం. నిన్ను పనికి కాదు, షికారుకు రమ్మంటున్నారు" అన్నాను.

ఆమె నవ్వలేదు. "ఇప్పుడు ఇట్లనే పంపుతారంట సార్. ఆడికి పోయినాంక మారుస్తారంట" అన్నది.

ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. అబద్ధమైతే ఇంతమంది మోసపోరు. సంయుక్త అరబ్ ఎమిరేట్లలో సందర్శకుని హోదాను ఉద్యోగి హోదాగా మార్చుకోవడానికి చట్టమే అవకాశమిస్తున్నది. కాని మార్చవలసినవాడు యజమాని. అతడు మార్చకుండా కాలం గడిపితే శిక్ష యజమాని కంటె ముందు పనిమనిషి నెత్తిన పడుతుంది. గడువు మీరిన ప్రతి దినానికి 50 దిర్హముల జరిమానా ఆమె పేరున పెరుగుతుంది. ఏడాదికి అది 18,250 దిర్హములు, అనగా మన డబ్బులో నాలుగు లక్షల పైమాట. ఇల్లు తుడిచి సంపాదించేది జరిమానాకే చాలదు. జీతం ఇవ్వకపోయినా, చేయి చేసుకొన్నా ఆమె పోలీసుల వద్దకు పోలేదు. పోతే మొదట పట్టుబడేది తానే.

ఆమె 2023 ఫిబ్రవరిలో వెళ్ళింది. అరవై దినాల కాగితం ఏప్రిల్‌తో తీరిపోయింది. ఆ ప్రభుత్వం 2024 సెప్టెంబరు 1 నుండి డిసెంబరు 31 వరకు క్షమాభిక్ష ప్రకటించి జరిమానాలు మాఫీ చేసినందువల్ల ఆ అక్టోబరులో ఇల్లు చేరింది. చేరేనాటికి ఆమె పేరున పెరిగిన జరిమానా ఇరవై ఆరు, ఇరవై ఏడు వేల దిర్హములకు తక్కువ ఉండదు.

క్షమాభిక్ష గొప్ప మాటే. కాని అది ఎన్నిమార్లు వచ్చిందో లెక్కించి చూడండి. సౌదీ అరేబియాలో 2013లో, 2017లో. కువైట్‌లో 2018లో, 2020లో, 2024లో. ఎమిరేట్లలో 2018లో, 2024లో. ఒకడు దారి తప్పితే అతని పొరపాటు అనవచ్చు. ప్రతి నాలుగైదేళ్ళకు వేలమంది అదే మలుపులో దారి తప్పుతుంటే దారి వేసినవారిని ప్రశ్నించవలసి ఉంటుంది.

దారి వేసినవారిలో మన ప్రభుత్వమూ ఉన్నది. 1922 నాటి చట్టాన్ని తొలగించి 1983లో పార్లమెంటు వలస చట్టాన్ని చేసింది. ఆ చట్టం ప్రకారం పదవ తరగతి ఉత్తీర్ణులు కాని శ్రామికులు గల్ఫు మొదలైన కొన్ని దేశాలకు పనికి పోవాలంటే వలస అధికారి అనుమతి పొందాలి. ఉద్దేశం ఉత్తమమైనది. ఒప్పందపత్రం ఉన్నదా, జీతం ఎంత, ఏజెంటుకు లైసెన్సు ఉన్నదా అని ప్రభుత్వం చూచి పంపుతుంది. స్త్రీల విషయంలో మరింత జాగ్రత్త తీసుకొని, ముప్పది ఏళ్ళు నిండని వారికి అనుమతి లేదన్నారు. నిండినవారు కూడ ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలన్నారు. ఇదంతా కట్ట. బలమైన కట్టే.

అయితే సందర్శకునిగా పోయేవానికి ఈ అనుమతి ఏదీ అక్కరలేదు. చట్టం దృష్టిలో అతడు వలస శ్రామికుడే కాడు. గండి అక్కడ పడింది. ఇరవై ఆరేళ్ళ వితంతువుకు పనికి పోయే దారి మూసి, విహారానికి పోయే దారి తెరచి ఉంచాము. ఆకలి తీరని ఆమె విహారానికే బయలుదేరింది! ఆమెను కాపాడటానికి చేసిన నిబంధన ఆమెను కాపాడేవారు ఎవరూ లేని చోటికి నెట్టింది. అనుమతి పొంది పోయే శ్రామికునికి ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద పది లక్షల రూపాయల బీమా ఉన్నది. రెండేళ్ళకు చెల్లించవలసినది 275 రూపాయలే. సందర్శక వీసాపై పోయిన ఆమెకు ఆ బీమా లేదు, ఒప్పందపత్రం లేదు, ఆమె ఎక్కడ ఉన్నదో తెలిపే పట్టిక కూడ ఏ కార్యాలయంలోనూ లేదు.

మరి పంపిన ఏజెంటు సంగతి ఏమిటి? లైసెన్సు లేకుండా మనుష్యులను విదేశాలకు పంపినవానికి 1983 చట్టం రెండేళ్ళ వరకు జైలుతోపాటు రెండు వేల రూపాయల వరకు జరిమానా విధించింది. నలభై ఏళ్ళ క్రిందట రెండు వేలు చిన్న మొత్తం కాదు. నేడు ఏజెంటు ఒక్క మనిషి వద్ద పుచ్చుకొనే సొమ్ములో అది యాభయ్యవ వంతు కూడ కాకపోవచ్చు. ఈ చట్టం స్థానంలో మరొకటి తేవాలని 2021లో ఒక ముసాయిదా వెలువడింది. ముసాయిదాలు చెరువు నింపవు.

ఇక లోకంలోని రెండవ వైపు చూతము. కరోనా వ్యాధి వ్యాపించిన 2020లో, కంప్యూటరు ముందు కూర్చొని ఎక్కడి నుండైనా పని చేయగలవారికి కొన్ని దేశాలు కొత్త వీసాలు సృష్టించాయి. ఎస్టోనియా ఆ ఏడాది ఆగస్టులో మొదలుపెట్టింది. దుబాయి అక్టోబరులో అందుకొన్నది. స్పెయిన్ 2023లో, జపాన్ 2024లో అదే బాట పట్టాయి. నీ ఉద్యోగం నీ దేశంలోనే ఉండనీ, మా దేశంలో నివసించి ఖర్చుపెట్టు అని వీటి సారాంశం. అయితే ద్వారం వద్ద కొలబద్ద ఉన్నది. దుబాయి అడిగేది నెలకు 3,500 డాలర్ల ఆదాయం. జపాన్ అడిగేది ఏడాదికి కోటి యెన్లు. అదే గల్ఫు సీమలో, కువైట్ 2016లో ఇంటి పనివారికి నిర్ణయించిన కనీస వేతనం నెలకు 60 దినారులు. అది రెండు వందల డాలర్లకు లోపే. మూడున్నర వేల డాలర్లవాడు చేసే పనిని ఆ దేశం చూడగలిగింది, దానికి ఒక పేరు పెట్టింది, ఒక కాగితం ముద్రించింది. రెండు వందల డాలర్ల మనిషి చేసే పని ఇంటింటా అవసరమైనా, వచ్చేటప్పుడు ఆమెను విహారయాత్రికురాలిగానే లెక్కించింది. పనికి తగిన కాగితం పుట్టించడం అసాధ్యం కాదని 2020 ఋజువు చేసింది. ఎవరి కొరకు పుట్టిస్తారన్నదే తేడా.

చదువుకొన్నవారు ఈ విషయంలో తాము వేరని తలచరాదు. అమెరికాలో పిల్లలను చూడబోయే మన తల్లిదండ్రులు పాస్‌పోర్టులో పదేళ్ళ ముద్ర చూచి పదేళ్ళు ఉండవచ్చునని భ్రమపడుతుంటారు. ఆ పదేళ్ళు ద్వారం తట్టడానికి ఇచ్చిన గడువు. లోపల ఎంతకాలం ఉండవచ్చునో దిగినచోట అధికారి నిర్ణయిస్తాడు, అది సాధారణంగా ఆరు నెలలు. గడువు మీరి 180 దినాలు దాటిన పిమ్మట బయటికి వస్తే మూడేళ్ళు, ఏడాది దాటితే పదేళ్ళు ఆ దేశంలో మళ్ళీ అడుగుపెట్టనివ్వని చట్టం 1996 నుండి అక్కడ ఉన్నది. ఐరోపాలో షెంగెన్ దేశాలన్నింటికీ కలిపి 180 దినాలలో 90 దినాలే లెక్క. ఒక దేశం సరిహద్దు దాటి పక్క దేశంలో ప్రవేశించినంత మాత్రాన లెక్క మొదటికి రాదు. డిగ్రీలున్నవారే తడబడుతున్న ఈ లెక్కలలో, వేలిముద్ర వేసే అమ్మ తడబడితే అజ్ఞానమని ఈసడించడం న్యాయం కాదు.

మన సమాజంలోని ఒక మాట కూడ చెప్పక తప్పదు. ఉమ్రా వీసాపై పోయి పనికి నిలిచిపోవడాన్ని తెలివిగా భావించేవారు మనలో లేకపోలేదు. పవిత్రయాత్ర కొరకు ఇచ్చిన కాగితాన్ని అన్యథా వాడటం ఆ దేశపు చట్టానికే కాదు, మనం చేసిన సంకల్పానికి కూడ విరుద్ధం. అట్లే, ఒంటరి స్త్రీ పరదేశం పోవడమేమని నొసలు చిట్లించే పెద్దలు ఉన్నారు. వారి ఆందోళన నాకు అర్థమవుతుంది. కాని ఆమె ఇక్కడ ఉన్న నాడు ఆమె పిల్లల ఫీజు కట్టినవారు ఎందరు? పోయిన ఆమెను తప్పుపట్టిన నాలుకే ఆమె పంపిన సొమ్ముతో లేచిన మిద్దెను మెచ్చుకోవడం నేను విన్నాను. ఆమెను ఆపే శక్తి, ఆమెను పోషించే శక్తి మనకు రెండూ లేనప్పుడు, ఆమెను క్షేమంగా పంపే బాధ్యత అయినా మిగిలి ఉంటుంది.

తూము ఎట్లు పెట్టాలి? నా అల్పబుద్ధికి తోచినవి మూడు. మొదటిది, స్త్రీలకు పెట్టిన వయసు నిషేధాన్ని తొలగించి, ఏ వయసు వారైనా ప్రభుత్వం ద్వారా పోగల దారిని కడప, ప్రొద్దుటూరు వంటి చోట్లకు తీసుకొని రావాలి. కూలి మానుకొని, బస్సు చార్జీలు పెట్టుకొని దూరనగరాలలోని కార్యాలయాల చుట్టూ తిరగడం కంటె ఊరి ఏజెంటు గుమ్మం దగ్గర అనిపించడం సహజం. రెండవది, సందర్శక హోదా నుండి పని హోదాకు మార్చే ప్రతి సందర్భంలోనూ ఒప్పందపత్రాన్ని మన రాయబార కార్యాలయం చూచిన తరువాతనే మార్పు జరగాలని ఆ దేశాలతో ఒడంబడిక చేసుకోవాలి. ఇంటి పనివారి విషయమై 2021లో కువైట్‌తో ఒక అవగాహనపత్రం కుదిరింది కనుక ఇది గొంతెమ్మ కోరిక కాదు. 2015లోనే కువైట్ తన చట్టంలో దినానికి పన్నెండు గంటలకు మించని పని, వారానికొక సెలవు, పాస్‌పోర్టు పనివారి వద్దనే ఉండటం వంటి హక్కులు వ్రాసుకొన్నది. ఆ హక్కులు సరైన కాగితం ఉన్నవారికి అక్కరకు వస్తాయి. అందుకే కాగితం ముఖ్యం. మూడవది, రెండు వేల జరిమానాను నేటి కాలానికి తగినట్లు మార్చాలి.

ఈ మూడూ ఢిల్లీ చేయవలసిన పనులు. మనం చేయగలది ఒకటి ఉన్నది. ఉర్దూ, తెలుగు రెండు భాషలూ చదివే విద్యార్థులు గల కళాశాల మనది. అరబ్బీ లిపిలోని కాగితాన్ని కూడబలుక్కొని చదువగల శక్తి ఈ ప్రాంతంలో మరే కళాశాలకు ఇంతగా లేదు. వారానికొకనాడు, ఒక బల్ల, నాలుగు కుర్చీలు వేసుకొని, వచ్చినవారి కాగితాలు చదివి చెప్పలేమా? జియారా అంటే చూడబోవడం, సియాహా అంటే విహారం, అమల్ అంటే పని, ఖాదిం అంటే సేవకుడు. ఈ నాలుగు మాటలు విడమరచి చెప్పడానికి ఎం.ఏ. పట్టా అక్కరలేదు. ఏజెంటు లైసెన్సు సంఖ్యను ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పట్టికలో సరిచూడటం మీ చేతిలోని ఫోనుతో అయిదు నిమిషాల పని.

అయితే ఒక హెచ్చరిక. మొన్న రంజాన్ తరువాత నేను ఆ తల్లిని మళ్ళీ చూచాను. "ఆనాడు చెప్పినాను గదా ఆపా" అని నోరు జారాను. ఆమె కోపగించలేదు. "మీరు చెప్పింది అర్థమయ్యే పోయినా సార్. అప్పటికే లక్ష తెచ్చి ఇచ్చేసినాం, మూడు రూపాయల వడ్డీకి. బాకీ తెచ్చినాంక చదువు ఏం చేస్తాది?" అన్నది.

అధ్యాపకునిగా నేను ఆ ప్రశ్నకు జవాబు వెదకుకొంటున్నాను. నేను చదివి చెప్పింది సత్యమే, కాని ఆలస్యమైన సత్యం. కాగితం వచ్చిన పిమ్మట చదవడం గండి పడిన తరువాత మట్టి మోయడం వంటిది. కనుక మిత్రులారా, కాగితం వచ్చేవరకు ఆగకండి. మీ వీధిలో ఎవరైనా పయనమవుతున్నారని వినగానే, అప్పు పుట్టకముందే, ఆ ఇంటికి పోండి. ఏ వీసా అని అడగండి. ఏజెంటు లైసెన్సు సంఖ్య అడగండి. అతడు సంఖ్య చెప్పకపోతే ఆ రాత్రికి ఆ లక్ష రూపాయలు ఆ ఇంట్లోనే ఉండేటట్లు చూడండి.